పెదవి కోసం పట్నం పోయిన వారం

ఇప్పటికీ ఎవరైనా పంచాంగం చేతపట్టుకుని ప్రయాణం సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండిపోతుంది. లేచి అవతలికి పోతాను. మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు, ముసలిదానికి చాదస్తం ముదిరింది అంటారు. నవ్వుకోనీ. వాళ్ల పెదవులు చక్కగా ఉన్నాయి, వాళ్లకేం పోయింది!

నేను పుట్టడమే చీలిన పై పెదవితో పుట్టాను. ముక్కు కింది నుంచి పెదవి రెండుగా విడిపోయి, ఆ సందులోంచి పన్ను కనిపించేది. గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం వేళ ఏదైనా కోస్తే ఆ కోత కడుపులోని బిడ్డ మీద పడుతుందని మా సిద్దిపేటలో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ తెలుసు. అందరికీ తెలుసు గనక ఎవరూ అనుమానించలేదు. నేను కడుపులో ఉండగా వచ్చిన గ్రహణం నాడు అవ్వ, అంటే మా అమ్మ, బీరకాయ కోసిందని నాయనమ్మ మాట. కోయలేదని అవ్వ మాట. పదమూడేళ్లు మా ఇంట్లో ఇదే పంచాయితీ. పెళ్లిలోనైనా, చావులోనైనా, బావి గట్టు మీదనైనా నలుగురు ఆడవాళ్లు చేరితే చాలు, నాయనమ్మ నా గదవ పట్టి ముఖం పైకెత్తేది.

"గిగో, మా కోడలు జేసిన నిర్వాకం జూడున్రి. ఒక్క పూట చెయ్యి ఊకుండలే దానికి."

వాళ్లు చూసేవారు. అయ్యో పాపం అనేవారు. ఆ అయ్యో పాపంలో ఎంత ఉబలాటం ఉండేదో నాకు తెలుసు. ఎద్దు పుండు కాకికి నొప్పా? అవ్వ మాత్రం తల ఎత్తకుండా చేదతో నీళ్లు తోడుకుంటూ ఉండేది.

మా నాన్న, బాపు, తాటిచెట్లెక్కే మనిషి. పొద్దున ఒక మాటు, సాయంత్రం ఒక మాటు చెట్లు గీసి కల్లు దించేవాడు. ఇంటి ముందు పందిరి కింద అవ్వ అమ్మేది. తాగేవాళ్లు నన్ను పిలిచి ఏదో ఒకటి అడిగేవారు. నేను జవాబు చెబితే అదే మాట ముక్కుతో తిరిగి అని, పడీ పడీ నవ్వేవారు. బాపు వింటూనే ఉండేవాడు. ఒక్కడి చేతిలోనైనా ముంత లాక్కుని నెత్తిన కొట్టాడా? లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. పదమూడో ఏడు వచ్చేసరికి నేను పరాయివాళ్ల ముందు మాట్లాడటం మానేశాను. ఓణీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, అవ్వతో మాత్రం మాట్లాడేదాన్ని.

ఆ ఏడాది అవ్వ మళ్లీ కడుపుతో ఉంది. అయిదో నెల. జ్వరం తగ్గడం లేదని ఒక సోమవారం నన్ను తోడు తీసుకుని సర్కారు దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరు ఉర్దూ మాట్లాడే పెద్దమనిషి. అవ్వ నాడి చూస్తూ చూస్తూ నా వైపు తిరిగి, కొంగు తీయమని సైగ చేశాడు. తీశాను. బొటనవేలితో పెదవిని ఇటూ అటూ నొక్కి చూశాడు.

"గిది కుట్టొచ్చమ్మా. ఇన్నేండ్లు ఏం జేసిన్రు?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

కుట్టొచ్చట! చిరిగిన రవికలాగే! దిష్టి తీసినవాళ్లున్నారు, తాయెత్తు కట్టినవాళ్లున్నారు, కొమురెల్లి మల్లన్నకు నాయనమ్మ మొక్కిన మొక్కులకు లెక్కే లేదు. కుట్టొచ్చు అన్న ఒక్క మాట మాత్రం పదమూడేళ్లలో మాకు చెప్పిన నాథుడు లేడు. పట్నంలో పెద్ద దవాఖానకు ఇలాంటివి కుట్టే సర్జన్ ఒకాయన వచ్చాడనీ, వచ్చే వారం ఆయన యుద్ధానికి పోతున్నాడనీ, మళ్లీ ఎప్పుడొచ్చేదీ తెలియదనీ డాక్టరు చెప్పాడు. శుక్రవారం సాయంత్రంలోగా చేరితే శనివారం పొద్దున కోత. ఆడపిల్ల గనక వెంట ఒక ఆడమనిషి ఉండి తీరాలి. ఇదంతా ఉర్దూలో ఒక చిట్టీ మీద రాసి అవ్వ చేతిలో పెట్టాడు.

జ్వరం సంగతి అవ్వ మరిచేపోయింది. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని ఎంత వేగంగా నడిచిందంటే నేను ఉరకాల్సి వచ్చింది.

చిట్టీ చూసి బాపు మెత్తబడ్డాడు. చెట్లు నాలుగు రోజులు గీయకపోతే కల్లు రావడం ఆగిపోతుంది గనక, అవి చూడమని తన అన్నను ఒప్పించి వచ్చాడు. సజ్జరొట్టెలు, అటుకులు, నిమ్మకాయ తొక్కు, రెండు జతల బట్టలు అవ్వ ఒక మూటలో సర్దింది. ఇక తెల్లారి బస్సెక్కడమే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

"రేపు మంగళారం. మంగళారం ఎవలన్న ఇల్లు కదుల్తరా?" అంది నాయనమ్మ.

కదలలేదు. సరే, ఒక రోజే కదా.

బుధవారం బయలుదేరాం. అవ్వా, బాపూ, నేనూ మూటతో గడప దాటి, వాడకట్టు చివరిదాకా పోయాం. బస్సు నిలిచే జాగా అక్కడికి కనిపిస్తూనే ఉంది. యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవారు. ఆ పొగ కూడా లేస్తోంది. అప్పుడు వెనక నుంచి నాయనమ్మ కేక వేసింది.

"ఓ కొడుకా! తొక్కు జాడీ మర్సిపోయిన్రు!"

బాపు నిలబడిపోయాడు. నాయనమ్మ కూడా అక్కడే నోటి మీద చెయ్యేసుకుంది. ప్రయాణమై పోయేవాళ్లను వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే తిరిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. పిలిచింది ఎవరు? ఆమె. శాస్త్రం ఎవరిది? ఆమెదే. శిక్ష మాకు! తొక్కు మూటలోనే ఉంది, అవ్వ ముందే కట్టింది. అయినా వెనక్కి వచ్చాం. కాళ్లు కడుక్కున్నాం. కూర్చున్నాం. నీళ్లు తాగాం. ఆ నీళ్లు గొంతు దిగేలోపే బస్సు పోయిన చప్పుడు వినిపించింది. రోజుకు ఒక్కటే బస్సు.

"పోనీ తియ్, మంచికే అయ్యింటది," అన్నాడు బాపు.

మంచికట! నాకు ఆ చెంబు తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

గురువారం దక్షిణం దిక్కున శూల ఉంటుందట. పట్నం మాకు దక్షిణమే. అది ఏ శూలో, ఎవరి కడుపులో పొడుస్తుందో నాకు తెలియదు. నాయనమ్మ వాకిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, శూలకు ఎదురుపోయి కాలు విరిగినవాళ్లనూ, బండి బోల్తాపడినవాళ్లనూ పేరుపేరునా చెప్పింది. బాపు గోడకానుకుని గీత కత్తి నూరుకుంటూ విన్నాడు. గురువారం కూడా పోయింది.

ఇక మిగిలింది శుక్రవారం. శుక్రవారం అమావాస్య. ఆ అమావాస్య నాడే, పొద్దున ఎనిమిది దాటాక సూర్యగ్రహణం. బస్సు తొమ్మిదికి.

"వట్టి మనుషులే గడప దాటరు. కడుపుతోటున్నది దాటుతదా? ఇంకోదానికి కూడ మూతి పలగ్గొడ్తవా?" అంది నాయనమ్మ, అవ్వ ముఖం మీదే.

అవ్వ బదులు ఇంకో ఆడమనిషి రావొచ్చు కదా. గురువారం సాయంత్రం బాపు తన చెల్లెలిని, అంటే మా మేనత్తను, అడిగి వచ్చాడు. గ్రహణం నాడు రానంది. పోనీ నాయనమ్మ?

"నేనా? నా పానం పోయినా గ్రహణంల గడప దాట," అంది. పదమూడేళ్లు నా గదవ పట్టుకుని ఊరంతా తిప్పిన మనిషి, ఆ గదవ మీది పెదవి బాగయ్యే రోజున ఒక్క గడప దాటలేనంది.

బాపు నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఆ దొర మళ్ల రాకపోతడా బిడ్డా. యుద్ధం అయిపోనీ. అప్పుడు పోదం," అన్నాడు. నేను కొంగు తీసేసి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తల తిప్పుకున్నాడు. కన్నతండ్రి కూడా తల తిప్పుకునే ముఖం అది. ఆ క్షణం నాకు ఆయన మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు.

శుక్రవారం తెల్లారకముందే నాయనమ్మ అవ్వను లోపలి అర్రలో పండబెట్టింది. కిటికీకి గోనె కట్టింది. వెల్లకిలా పడుకోవాలి, కాలు కదపకూడదు, గోక్కోకూడదు, పచ్చిగంగ ముట్టకూడదు. తలుపు దగ్గరికి వేసి, వాకిట్లో ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టి ఉన్నంతసేపూ రోకలి తనంతట తాను నిలబడుతుందంటారు. వాడకట్టు ఆడవాళ్లంతా మా వాకిట్లో చేరి ఆ రోకలినే చూస్తున్నారు. నిలబడ్డదా, ఒరుగుతున్నదా, అదే వాళ్ల బాధ. నేను మూట పక్కన కూర్చున్నాను. ఎండ పలచబడింది. కోళ్లు గంప కిందికి పోయాయి. బస్సు పొగ వాసన మా వాకిటి దాకా వస్తోంది. ఇక అయిపోయింది, నా బతుకంతా ఈ కొంగు చాటునే అనుకున్నాను.

అర్ర తలుపు తెరుచుకుంది. అవ్వ బయటికి వచ్చింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. ఎవరినీ చూడలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి మూట ఎత్తి చంకన పెట్టుకుని, "లెవ్," అంది.

ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. నాయనమ్మ పరుగున వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది.

"అయ్యో అయ్యో, లోపలికి పో! కడుపుల పిండానికి ఏమన్నయితే ఎవలే జవాబు?"

"అయితే ఇద్దర్నీ గా దవాఖానకే తీస్కపోత," అంది అవ్వ. "ఒక బిడ్డను నేనే ఖరాబు జేసిన్నంటివి గద అత్తా. పదమూడేండ్ల సంది అంటున్నవ్. గా బిడ్డనే బాగుజేపిచ్చుకోను పోతున్న. అడ్డం లెవ్."

నాయనమ్మ లేవలేదు. అవ్వ ఆమెను దాటింది. అవును, అత్తను దాటుకుని పోయింది. నేనూ దాటాను. నిండు గ్రహణంలో, ఆకాశం కింద, అయిదు నెలల కడుపుతో మా అవ్వ బజారు నడిమధ్య నడిచింది. తలుపుల సందుల్లోంచి జనం చూశారు. వెనక నుంచి ఎంతమంది పిలిచారో! ఒక్క పిలుపుకూ అవ్వ తిరగలేదు.

బస్సు దగ్గరికి పోయేసరికి వెనక ఉరుకుతున్న అడుగులు. బాపు. చేతిలో డాక్టరు రాసిన చిట్టీ. అది ఆయన అంగీ జేబులోనే ఉండిపోయింది, అది లేకుండా పోతే దవాఖానలో మమ్మల్ని గేటు కూడా దాటనియ్యరు. ఇచ్చి వెనక్కి పోతాడనుకున్నాను. ఆయన అవ్వ చంకలోని మూట తీసుకుని ముందుగా బస్సెక్కాడు. ఆ ఒక్క పనికి నేను ఆయనను సగం క్షమించాను. మిగతా సగం ఇంకా అట్లాగే ఉంది.

మామూలు రోజుల్లో కాలు పెట్టే సందు ఉండని బస్సు ఖాళీగా ఉంది. గ్రహణం నాడు ఎవరు ఎక్కుతారు? "ఎక్కున్రి ఎక్కున్రి, ఇయ్యాల బస్సంత మీదే," అన్నాడు డ్రైవరు. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగిపోయేది, బాపూ క్లీనరూ దిగి నెట్టేవారు. పట్నం దారిలోని ములుగు దిక్కు చేరేసరికి బాపు ముఖమంతా బొగ్గు. దీపాలు పెట్టే వేళకు దవాఖాన గేటు దగ్గర ఉన్నాం.

శనివారం పొద్దున కోశారు. ముక్కు మీద మత్తుమందు గుడ్డ వేసినంతవరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి మూతి నిండా కట్టు. మాట్లాడొద్దన్నారు. చెంచాతో పాలు పోసేవారు. బాపు బయట చెట్టు కింద పడుకునేవాడు, అవ్వ నా మంచం కింద.

వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. మెదక్ దిక్కు మనిషి, కిరస్తానీ. మూడో రోజు ఆమె నా కట్టు మారుస్తుంటే అవ్వ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నర్సమ్మా, ఒక్క మాట. గిది నా వల్లనే అయ్యిందా? నేను నిజంగనే కోసిన."

నేను కట్టు వెనక బిగుసుకుపోయాను.

"పొద్దుగాల్నుంచి ఏం తిననియ్యలే నన్ను. కండ్లు తిరిగినయి. గ్రహణం విడిచినంక తానం జేసి మళ్లా వండాలె గద, ఆలిస్యం అయితదని ముందుగాలనే ఒక బీరకాయ కోసిపెట్టుకున్న. ఎవ్వలికీ చెప్పలే. నా బిడ్డకు సుత చెప్పలే."

పదమూడేళ్లు కోయలేదు, కోయలేదు అని దేవుడి మీద ఒట్టు పెట్టిన మనిషి! ఒక్క క్షణం నాకు అవ్వ మీదే మండింది. నాయనమ్మ చెప్పిందే నిజమా అనిపించింది. నర్సమ్మ మాత్రం చేతిలో గుడ్డ పక్కన పెట్టి, వార్డు ఆ చివరి నుంచి ఈ చివరికి చెయ్యి చూపించింది.

"గీడ గీ మొర్రోళ్లే ఆరుగురున్నరు. ఆరుగురి తల్లులు బీరకాయలే కోసిన్రా? మా చిన్నాయిన కొడుక్కు గిట్లనే ఉండె. మా ఇంట్ల గ్రహణం పట్టింపే లేదు. కొందరు పిల్లలు గిట్ల పుడ్తరు తల్లీ. నువ్వేం జేయలే."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతసేపని ఏడ్చిందో! లేచి పట్టుకుందామంటే నన్ను కదలొద్దన్నారు. అప్పుడు నా కోపం తన చోటికి తాను వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లను పస్తుంచారు. ఆకలికి ఒక కాయ కోసుకున్నందుకు ఆమె నెత్తిన ఇంత బండ పెట్టారు. పైకి కోయలేదంటూ, లోపల మాత్రం కోశాను, కోశాను అని ఒక్కతే కుమిలిపోయింది. ఇంతకంటే పాపం ఇంకేముంటుంది?

పక్షం రోజులకు ఇంటికొచ్చాం. పెదవి మీద సన్నటి గీత మిగిలింది, అంతే. చెంబుతో నోటినిండా నీళ్లు పోసుకుని పెదవులు మూశాను. ఒక్క చుక్క కారలేదు. ఆ రోజంతా అదే పని. నాయనమ్మ గడప దగ్గర నిలబడి చూసి, "మల్లన్న దయ," అంది. నేను జవాబు చెప్పబోయాను. అవ్వ వద్దని సైగ చేసింది.

నాలుగు నెలలకు అవ్వ కన్నది. మగపిల్లవాడు. మంత్రసాని మగబిడ్డ అని చెబుతూనే ఉంది, అవ్వ వినడం లేదు. "మూతి, మూతి," అంటూ చెయ్యి చాచి, వేలితో వాడి పై పెదవి తడిమింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి, మళ్లీ తడిమి, అప్పుడు కళ్లు మూసుకుంది. నర్సమ్మ చెప్పినా సరే, ఆ నాలుగు నెలలూ అవ్వ ఎట్లా నిద్రపోయిందో నాకు తెలియదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేశారు. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. గ్రహణం నాడు మా వాకిట్లో రోకలి చుట్టూ చేరినవాళ్లే, వాళ్ల కళ్ల ముందే మేం గడప దాటాం. నాయనమ్మ మనవడి గదవ పట్టి పైకెత్తి అందరికీ చూపించింది.

"జూసిన్రా, ఎంత సక్కగున్నడో. గీసారి నేను జాగ్రత్త పడ్డ. గ్రహణం నాడు కోడల్ని అర్రల కదలకుంట పండవెట్టిన. గందుకే."

ఒక్కరు! ఒక్కరైనా ఇదేంది అన్నారా? అందరూ తలలు ఊపారు. అవును మరి, పెద్దదానివి, నీ జాగ్రత్తే అన్నారు. అవ్వ తొట్టెల పక్కన తల వంచుకుని కూర్చుంది. అలవాటైపోయిన వంపు అది.

నేను లేచి నిలబడ్డాను. కొంగు మూతికి అడ్డం పెట్టుకోలేదు.

"అబద్ధం! నువ్వు పండవెడ్తే అవ్వ పన్నదా? నిన్ను దాటిపోయింది గద! నిండు గ్రహణంల బజార్ల నడిచింది, బస్సెక్కింది. మీరందరు జూసిన్రు. తమ్మునికి ఏమయింది? ఏం గాలే! మా అవ్వ ఏ పాపం జెయ్యలే. నువ్వే పదమూడేండ్లు దాన్ని ఏడ్పిచ్చినవ్. ఇంకొక్కసారి ఎవలన్న మా అవ్వ పేరెత్తితే ఊకోను!"

బీరకాయ సంగతి మాత్రం నా నోట రాలేదు. అది అవ్వది. నా మాట ఇంత స్పష్టంగా ఉంటుందని నాకే తెలియదు, వాళ్లకేం తెలుస్తుంది?

అవ్వ దిగ్గున లేచొచ్చి నా వీపు మీద ఒక్కటి వేసింది. పెద్దంతరం చిన్నంతరం లేదా అంది. నన్ను రెక్క పట్టి లోపలికి గుంజుకుపోయి, అర్రలో నిలబెట్టి, నా రెండు చెంపలూ పట్టుకుంది.

"పట్నందాంక పోయి మూతి బాగుజేపిచ్చింది గిందుకానే?"

"గిందుకే," అన్నాను.